గొంతులో కాయ

నలభై రోజులు ఒకే రొట్టె కొన్నది.
నల్ల రై రొట్టె. లెయిబ్.
ఆ ఒక్క మాటే వచ్చు ఆ పిల్లకి.
రోజూ దాన్నే చిల్లరతో పాటు లెక్కపెట్టి
నా బల్ల మీద పెట్టేది.

తార్తులో డిసెంబరు.
మూడు దాటితే పొద్దు కొట్టు కట్టేస్తుంది.
అద్దం మీద ఆవిరి తుడిచి చూస్తే
రోడ్డు అవతల ఆమె,
లోపల జనం తగ్గేదాకా
బస్సుల వేళలు చదువుతున్నట్టు నటిస్తూ.
ఆ స్టాపులో ఆగేది ఒక్కటే బస్సు.
అంతసేపు చదవడానికి ఏముంటుంది?

పేరు ఖాతునా అని తర్వాత తెలిసింది.
జార్జియాలో తెలావి, ద్రాక్షతోటల కొండవార.
ఇంత దూరం వచ్చి చదివేది
మా బురదనేలల గురించట.
ఎండనీ ద్రాక్షనీ వదిలి బురద కోసమా అని
నవ్వుకున్నాను, పిండి పిసుకుతూ.

చూపు మాత్రం రోజూ
రెండో అరలోని యాపిల్ కేకు మీదే.
నోరు తెరిచేది.
గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగేది.
లెయిబ్, అనేది.

నాకు తెలుసు ఆ కాయ సంగతి.
ఇక్కడి మాటలో యాపిల్‌కి మొదటి అక్షరమే ఒక గొయ్యి.
'ఉ' అనబోయి పెదాలు ముడవకుండా ఆగాలి,
'ఇ' వైపు జారకుండా నాలుకని వెనక్కి లాగాలి,
ఎవరో కడుపులో మెత్తగా గుద్దినట్టుండాలి చప్పుడు.
నార్వాలో రష్యన్ ఇంట పుట్టినదాన్ని.
ముప్ఫై తొమ్మిదో ఏట, పౌరసత్వం పరీక్షకి,
స్నానాలగదిలో కుళాయి తిప్పి
ఆ హోరు చాటున అరిచి అరిచి నేర్చుకున్నాను,
పుట్టిన దేశంలోనే.
పక్కింటావిడ తలుపు తట్టి
ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

ఒక ముక్క కోసి చేతిలో పెట్టొచ్చు కదా అంటారు.
పెట్టొచ్చు.
నాకూ అలాగే పెట్టారు ఒకప్పుడు,
అడగకముందే,
చెవిటిదానితో మాట్లాడినట్టు పెద్ద గొంతుతో.
ఆ కేకులో తీపి ఉందో లేదో
ఇప్పటికీ గుర్తు రాదు.

నలభై ఒకటో రోజు మంచు తెగ కురిసింది.
కొట్లో ఎవరూ లేరు.
ఆమె టోపీ తీసింది, పరీక్షకి వచ్చినట్టు.
'ఊన' అంది. కాదు.
'ఓన' అంది. చెవులు ఎర్రబడ్డాయి.
'ఔన...'
ఔను, అదే, అన్నాను.
అప్పటికే వీపు తిప్పి తలుపు దగ్గరుంది.

ఆగు, అన్నాను.
మీ భాషలో నాకు నోరు తిరగనిది ఒకటి చెప్పు.

చాలాసేపు నా ముఖంలోకి చూసింది,
ఎగతాళి ఎక్కడైనా దాక్కుందేమోనని.
తర్వాత మెల్లగా:
బఖఖీ.
కప్ప అట.
లోపలి అక్షరాలు రెండూ గొంతు అడుగున
సీసా బిరడా లాగినట్టు పేలాలట.

లాగాను. పేలలేదు.
దగ్గొచ్చింది. బల్ల మీది పిండి లేచి
కళ్ళద్దాల నిండా పడింది.
అప్పుడే లోపలికొచ్చిన హెయినో ముసలాయన
డాక్టర్ని పిలవనా అన్నాడు.
సంగతి విని తనూ ప్రయత్నించాడు,
కట్టుడు పళ్ళని ఒక చేత్తో పట్టుకుని.

ఆ పిల్ల నవ్వు అప్పుడు విన్నాను మొదటిసారి.
కోసిన కేకుకి డబ్బులు పూర్తిగా తీసుకున్నాను.

భయం పోయిందని చెప్పను.
మర్నాడూ బస్‌స్టాపులోనే నిలబడింది,
కాకపోతే రెండు నిమిషాలు.
ఫిబ్రవరిలో ఇద్దరు స్నేహితులతో వచ్చి
మళ్ళీ 'ఊన' అనేసింది, తప్పుగా.
వీపు తిప్పలేదు.

మే నెలలో ఒక సాయంత్రం
మోకాళ్ళదాకా బురదతో వచ్చి
ఫోను నా చెవికి ఆనించింది.
బురదనేలలో రాత్రంతా తీసిన రికార్డింగు.
నీళ్ళు. ఏదో పిట్ట. తర్వాత కప్పలు,
వందలు, వేలు.
విను జోయా, అంది, మీ కప్పలు
మా భాషే మాట్లాడుతున్నాయి!

ఆ రాత్రి స్నానాలగదిలోకి వెళ్ళి
కుళాయి గట్టిగా కట్టేసి
పక్కింటికి వినబడేలా
అరిచాను.
బఖఖీ.