లంగరు

"ఇక్కడాపు," అంది మా మేనత్త సూరాయమ్మ.
చుట్టూ నీళ్లే. ఏం ఆనవాలు చూసిందో.
తూరిబాబు లంగరు ఎత్తాడు.
"మెల్లగా! అడుగున పొయ్యి ఉంది."

నవ్వబోయి ఆగిపోయాను.

ముందు బొప్పాయి పాదు పోయింది, తర్వాత గొడ్ల సావిడి.
ఎర్రనీరొచ్చిన రాత్రుళ్లు గట్టు విరిగి పడేది
ధబ్బున.
ఆ చప్పుళ్లు లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్లం పిల్లలం.
ఆనక వేసవుల్లో సముద్రం ఏటికి ఎదురొచ్చింది,
బోరింగు నీళ్లలో కందిపప్పు ఉడకనంది.

ఇప్పుడు కాలనీలో ఉన్నాం. సిమెంటు గోడలు, వీధి కుళాయి.
మా వాడికి
పోటంటే కత్తిపోటు,
పాటంటే సెల్లులో పాట.

మొన్న పింఛను కాగితాల దగ్గర గుమస్తా అడిగాడు:
"ఏ ఊరమ్మా?"
"కొంగల్లంకండి."
కంప్యూటరంతా వెతికాడు.
"ఆ పేరుతో ఊరే లేదు కదా?"
"ఆయ్, లేదండి.
మాదదే."

అత్త కొంగుముడి విప్పింది.
గడప ఎటువైపో కాసేపు తేల్చుకుని
నీళ్లమీద పసుపు చల్లింది.
అది సముద్రం దారి పట్టింది,
కొంతదూరం పోయి నిలిచింది,
మెల్లగా మా వైపే తిరిగొస్తోంది.

"పోటు," అన్నాను మా వాడితో.
వాడు వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.