తువ్వాలు కింద

విశాలాక్షి మేడం బోర్డు మీద రాసింది:
మాటకి పైన ఒక అర్థం, అడుగున ఒకటి.
అడుగున ఉన్నదే కవిత్వమట.
నోట్సులో ఎర్రగీత కొట్టుకున్నా.
పరీక్షలో ఆ ప్రశ్నకి పదికి ఎనిమిది.

ఒంటిపూట బడి వదిలాక
నాన్నకి క్యారేజీ పట్టుకుని మిర్చి యార్డుకెళ్లా.
టిక్కీ కింద వంగిన నాన్న
కళ్లతోనే చెప్పాడు, అక్కడ పెట్టమని.

పక్కనే
కొనేవాడి చెయ్యి, దలారీ చెయ్యి
ఒకే తువ్వాలు కింద దూరాయి.
సంచిలో కట్టేసిన పిల్లికూనలా
బట్ట కదులుతోంది.
పైకి మాత్రం
"ఎండ ముదిరింది కదండీ."
"అవునండీ, ముదిరింది."

వినుకొండ వైపు రైతు
ఆ గుడ్డనే చూస్తున్నాడు
తన కౌలు ఎకరంన్నర దాని కిందే ఉన్నట్టు.
నా పుస్తకాల సంచీ చూసి, గొంతు తగ్గించి,
"చదువుకునే పిల్లోడివి గదా,
ఎంతంటున్నారో నీకేమన్నా తెలిసిందా?"

పదికి ఎనిమిది వచ్చినవాణ్ణి.
తల అడ్డంగా ఊపా.

మర్నాడు మేడం ఉదాహరణ అడిగింది.
"మస్తాన్‌వలీ, నువ్వు చెప్పు."
ఒంటి మీద నిన్నటి చొక్కానే.
లేచా.
నోరు తెరవకముందే
ముందు బెంచీ మొత్తం తుమ్మింది.