లైను

లైనుమేనంటారు నన్ను పొందూరులో.
పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ.
ఇరవయ్యారేళ్లుగా ఆ మాటని
నిచ్చెనతో పాటు భుజానేసుకుని తిరుగుతున్నాను
లోపల ఏముందో విప్పి చూడకుండా.

మొన్న దబ్బీరు మాస్టారింట్లో మీటరు కాలిపోయింది.
కొత్తది బిగిస్తుంటే వెనక కుర్చీ వేసుక్కూచున్నారు.
ఉద్యోగం రిటైరైంది గానీ గొంతు రిటైరవలేదు.
"లైనంటే ఏమిటనుకున్నావోయ్?
తీగ కాదు, గీతా కాదు. నార!
అవిసె మొక్కని నానబెట్టి, కుళ్లబెట్టి,
చితక్కొట్టి దువ్వి తీసిన నార.
రోమువాళ్లు ఆ మొక్కని లీనుం అన్నారు.
నార పేనితే దారం, దారం బిగించి లాగితే తిన్నటి జాడ.
ఆ జాడనే ఇంగ్లీషువాడు కాగితం మీదికి,
నేల మీదికి, సముద్రం మీదికి లాక్కుపోయాడు."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

తిరిగొస్తుంటే దారంతా అదే.
రేషను డిపో ముందు సంచులు నిలబడ్డ లైను,
మనుషులేమో నీడలో.
స్టేషన్లో పాసింజరుకింకా లైను దొరకలేదట.
కాలేజీ గోడ మీద కుర్రాళ్లు
ఎవరికో లైనేస్తున్నారు, అదెప్పుడూ తెగదు.
టైలరు గౌరీసు జాకెట్టు ముక్క లోపల
లైనింగు పెడుతున్నాడు.
అదీ ఆ నారబట్టేనట ఒకప్పుడు.
బట్ట వెనక బట్టై దాక్కుని
వందల ఏళ్లు పేరు మార్చుకోలేదు పాపం.

పట్టుశాలీల వీధిలో సన్యాసమ్మ పిన్ని
వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతోంది.
గింజ మీది దూది ఆ సన్నటి పళ్ల సందుల్లోంచి
పొగలా లేస్తోంది.
గడపలో కూచుని అంతా చెప్పాను.
తలెత్తలేదు.
"ఆల్లకి పత్తి నేదేట్రా, నార పీక్కున్నారు?"
"లేదంట పిన్నీ."
"మరందుకే కావాల, ఓడలేసుకొని ఇలాగొచ్చేరు."
రాట్నం దగ్గరికి లాక్కుంది.

నాకప్పుడు తట్టింది, మాస్టారికి చెప్పాలి.
మనకీ సూత్రమంటే ముందు దారమే కదా.
తరవాత నియమమైంది, లెక్కైంది,
ఆడదాని మెడలో ముడైంది.
ఎక్కడి రోము, ఎక్కడి మనం!
దారం చేతికి రాగానే మనిషికి
ఎవర్నో ఒకర్ని కట్టాలనిపిస్తుంది కాబోలు.

తిత్లీ తుపానుకి మమ్మల్ని కవిటి పంపారు.
తలలు తెగిన కొబ్బరిచెట్లు, వాటి మీద స్తంభాలు,
తీగలు పిల్లి పీకేసిన చిలపలా.
ఇరవై రోజులు చిక్కులు తీశాం.
పైడిరాజు అక్కడే.
లైను చచ్చిందని ఎవరో కేకేశారు.
ఎల్సీ కాగితం ఇంకా రాలేదు. ఎక్కేశాడు.
వీధి చివర ఎవరింట్లోనో జనరేటరు,
వెనకదారిన కరెంటు.
చచ్చిందన్న లైను బతికే ఉంది.

అప్పట్నుంచీ రిజిస్టర్లో లైన్ క్లియరని రాసేటప్పుడు
ఒక్కో అక్షరం దిద్దుతాను,
ఒకటో తరగతి గుంటడిలా.
ఏఈ గారు నవ్వుతారు. నవ్వనీ.

పిన్ని చేతిలో పోగు తెగింది.
కదురాపి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి
బొటనవేలితో చిన్న మెలి పెట్టింది.
స్తంభం మీద నేను ప్లయరుతో పెట్టేదీ ఆ మెలే.
నాది రోడ్డు మీంచే కనబడుతుంది,
ఆమెది ఎక్కడతికిందో
కళ్లజోడు పెట్టుకున్నా దొరకదు.

"ఇంద" అని తెగిన ముక్కొకటి నా వేలికి చుట్టింది.
నూరో నంబరు నూలు.
కళ్లు మూసుకుంటే
ఉందో లేదో తెలీదు.
కరెంటూ అంతే.

ఫోను మోగింది. సబ్‌స్టేషన్ నుంచి.
"లైన్లో ఉన్నావా?"
వేలు చూసుకుని,
ఉన్నానన్నాను.