ఘాటు లేని చీర

నాగూర్‌బీకి గురువారం ఆపరేషనయింది.
శనివారం చూడొచ్చన్నారు, సాయంత్రం నాలుగు నించి ఆరు దాకా.
వాళ్ళ కోడలు ఫోన్లో ఒక్క మాటే రెండుసార్లు చెప్పింది:
"పిన్నీ, తుమ్మకూడదంట. తుమ్మితే కుట్లు విడిపోతయ్యంట."

నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.
మిర్చియార్డులో పందొమ్మిదేళ్ళుగా
ఒకే కుప్పకి చెరోపక్క కూర్చుని
తొడిమలు తీస్తున్నాం మేం.
నా ఒంట్లో నెత్తురెంతో కారం అంత.
బస్సెక్కితే పక్కవాళ్ళు కిటికీవైపు జరుగుతారు.
చంటిపిల్లని ఎత్తుకోబోతే
వాళ్ళమ్మ ముందు నా చేతులు చూస్తుంది.

శుక్రవారం పని మానేశా.
కుంకుళ్ళు కొట్టి రెండుసార్లు తలంటుకున్నా.
చేతులకి చింతపండు, ఆ తర్వాత పుల్లమజ్జిగ,
గోళ్ళ సందుల్లో అగ్గిపుల్ల.
ఉన్న నాలుగు చీరలూ దులిపి వాసన చూస్తే
నాలుగూ యార్డే.

పక్కవాటాలో అంగన్‌వాడీ ఆయా సువార్తమ్మనడిగా
ఒక్క పూటకి చీరిమ్మని.
కలరా ఉండల వాసనొచ్చే నీలం చీర తీసి
"ఏం, పెళ్ళిచూపులా?" అంది.
"అంతకంటే కష్టమమ్మా."

చుట్టుగుంట మీదగా పోయే ఆటో వదిలేసి
సందుల్లోంచి నడిచా.
బత్తాయిల బండి పక్కనే
మిరపకాయ బజ్జీల మూకుడు పొగలు కక్కుతుంటే
ముక్కు మూసుకుని దూరం జరిగా.
నేను!

పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం.
పొట్టమీద దిండు పెట్టుకుని రెండు చేతులా పట్టుకునుంది,
ఎవరన్నా లాక్కుపోతారన్నట్టు.
కళ్ళు తెరిచింది, చూసింది, మళ్ళీ మూసుకుంది.
"సిస్టరమ్మా, కాసిని మంచినీళ్ళు."

పందొమ్మిదేళ్ళ మనిషిని
వాసన లేకపోయేసరికి పోల్చుకోలేదు.

"నాగూరక్కా, నేనే, పేరమ్మని."
చెయ్యి పట్టి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది,
పువ్వుని పెట్టుకున్నట్టు కాదు,
వ్యాపారి శాంపిలు కాయని విరిచి చూసినట్టు.
బొటనవేలి గోటిమూల ఎక్కడో కాస్త మిగిలుంది కాబోలు.
"తేజానా?"
"తేజాయే. బుధవారం దిగిన సరుకు."
"తడి ఆరలేదే! ఎవడు కొన్నాడే దీన్ని?"

తుమ్ము గురించి చెప్పారుగానీ
నవ్వు సంగతి డాక్టరు చెప్పినట్టు లేదు.
దిండు గట్టిగా అదుముకుని, కళ్ళనిండా నీళ్ళతో,
"పోవే, అవతలికి పో" అంది.
చెయ్యి మాత్రం వదల్లేదు.

కాసేపటికి కిటికీవైపు చూస్తూ అడిగింది:
"నా చోట ఎవరు కూర్చుంటున్నారు?"
"ఎవరూ లేరు. గోతం మడిచి పెట్టా."

పొన్నూరు నించి వచ్చిన చిన్నపిల్ల
గురువారం మధ్యాహ్నానికే ఆ గోతం మీద కూర్చుంది.
వేళ్ళు చురుకు. రోజంతా ఏడుస్తూనే తీస్తది.
మాది కేజీల లెక్క,
ఖాళీ చోటు కాటాకెక్కదు.
ఇదంతా చెప్పలేదు.

నాగూరక్క బత్తాయి తీసుకుంది.
ముచ్చిక గిల్లి పక్కన పెట్టి, కాయ ఒళ్ళో పెట్టుకుంది.
మరొకటి తీసుకుంది. ముచ్చిక అటు, కాయ ఇటు.
ఆరూ అయ్యాక అంది:
"ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమను ఆ పిల్లని.
మొదటి నెలే కష్టం."

ఆరింటికి గంట కొట్టారు.

ఆదివారం చీర ఉతికి, నీడన ఆరేసి,
మడత నలగకుండా పట్టుకెళ్ళి ఇచ్చా.
పెట్టెలో పెట్టబోతూ ఆగింది సువార్తమ్మ.
మూతి వంకర తిరిగింది, కళ్ళు మూతలుపడ్డాయి,
ఇల్లదిరేలా తుమ్మింది.

"నూరేళ్ళు" అన్నా,
పెద్దాసుపత్రి ఉన్న దిక్కుకి తిరిగి.