అతుకు

టంగుటూరు గ్రేడింగు షెడ్డులో
ముప్పై ఏళ్లు పొగాకు విడదీశాను.
బంక పట్టిన ఆకుని లాగితే చిరుగుద్ది;
నీళ్లు చిలకరించి కాసేపు ఊరుకోవాలి,
అదే వదుల్తుంది.

గర్భసంచి తీసిన ఏడాదికి
నా పేగూ పేగూ కావిలించుకున్నాయి.
ఒంగోల్లో మళ్లీ కోశారు.
విడదీసిన చోటే మళ్లీ అతుక్కోవచ్చంట.
ఒళ్లు గుడ్డిది,
మానటానికీ అతుక్కోటానికీ తేడా తెలీదు దానికి.

గోళ్లు పచ్చబడ్డ పిల్లొకతి,
పరిశోధన చేస్తుందంట,
మంచం పక్కన నిలబడి చెప్పింది:
"పసుపులోంచి తీసిన సారం
ఎలుకల కడుపుల్లో పూసి చూస్తున్నాం, మాలకొండమ్మగారూ."
"వదుల్తుందా?"
"అతుక్కోకుండా ఆపుద్దేమోనని. ఇంకా తేల్లేదు."
తేల్లేదన్నందుకే
నమ్మబుద్ధయింది.

నాలుగో రాత్రి కడుపులో గుడగుడ.
నర్సు పరుగున వచ్చి నవ్వింది.
నేను చెవొగ్గి పడుకున్నా,
లోపలెవరో ఆకు మీద
నీళ్లు చిలకరిస్తన్నట్టు.