చిన్న గిలక

థండర్ బేలో మార్చి నెల. బయట మైనస్ పద్నాలుగు.
గ్యారేజీలో కిరోసిన్ హీటరు నా ఒక్క మోకాలినే వెచ్చబెడుతోంది.
పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు
మా పాత పాంటియాక్ నోరు తెరుచుకుని ఉంది.
రెంచి నా కూతురి చేతిలో,
టార్చి నా చేతిలో.

కాగితం మిల్లులో రోలరు నా కుడి భుజాన్ని నమిలేశాక
చెయ్యి తలదాకా లేవదు.
అందుకని ఈ ఏడు దీపం పట్టుకునే ఉద్యోగం నాది.
"అక్కడ కాదు నాన్నా, ఇక్కడ."
"ఇక్కడంటే?"
"నేను చూస్తున్న చోట."
ఈ మాట సీరీతో నేనే అన్నాను, ఎన్నిసార్లో, ఎంత విసుగ్గానో.
అప్పుడు తనకి ఎనిమిదేళ్లు.
వెలుగు పోయి పోయి సాలెగూటి మీదో నా చెవి మీదో పడేది.
ఇంకొకరి చూపు ఎక్కడుందో కనిపెట్టడం
ఇంత కష్టమైన పనని
యాభై మూడేళ్లకి తెలిసింది.

సూపర్‌చార్జర్ ముక్కున పాత గిలక
ఇరవై రెండేళ్లుగా ఇరుసుని కరుచుకుని ఉంది.
పక్కింటి ఓస్మో పుల్లర్ అరువిచ్చాడు,
మూడు బోల్టులూ లెక్కపెట్టి,
తుడిచి తిరిగివ్వాలన్న షరతుతో.
పావు చుట్టు. ఊపిరి. పావు చుట్టు.
కదలదు.
నాకు నోరాగదు: "ఒక చుక్క నూనె..."
"వేశాను."
"ఇంకొంచెం ఎడమకి..."
"నాన్నా."
దీపం మాట్లాడకూడదు కాబోలు.
అప్పుడు ఇంజను మెటికలు విరిచింది. టప్.
పుల్లర్‌తో సహా వచ్చి నా బూటు మీద పడింది గిలక.

కొత్తది అరచేతిలో ఇమిడిపోయింది.
పాతదానికన్నా బొటనవేలి గోరంత చిన్నది.
ఆ గోరంతకి అంత డబ్బా అని మొన్న మార్యుత్ అడిగింది.
ఇంజను అదే పరుగు పరిగెడుతుంది,
చిన్నది కాబట్టి ఇది మరిన్నిసార్లు తిరగాలి,
ఎక్కువ గాలి మింగి ఎక్కువ గాలి ఊదాలి.
మిల్లు గేటు దాకా నాతో నడిచే రోజుల్లో
నా అడుగుకి రెండడుగులు వేసేది సీరీ.
నేను లెక్కపెట్టలేదు.
పక్కనే ఉంది కదా అనుకునేవాణ్ణి.

వేడెక్కితే గిలక సాగుతుంది, చల్లబడితే ఇరుసు ముడుచుకుంటుంది.
ఇరుసు సంగతి మార్చి నెల చూసుకుంటుంది.
గిలకకి వంటింటి ఓవెను,
ఆదివారాలు ఏలకుల రొట్టె కాలే ట్రేలోనే.
ఆ రొట్టె మా ఇళ్లల్లో పుల్లా, ఇది పుల్లీ,
చివరి అచ్చే కదా తేడా అంటుంది సీరీ.
డ్యూటీ నుంచి వచ్చిన మార్యుత్ కోటు విప్పకుండానే
ముక్కెగరేసింది.
"ఏం కాలుతోంది?"
"పావుగంటలో అయిపోతుంది" అన్నాను.
అది జవాబు కాదని ముగ్గురికీ తెలుసు.

దుప్పి బొమ్మలున్న గుడ్డ తొడుగుల్లో
వేడి ఇనుము పట్టుకుని పెరటి మంచు మీద పరుగు.
"దీపం!"
ఈసారి తను అడిగేలోపే వెలుగు అక్కడుంది.
గిలక జారింది, జారింది,
సగంలో ఆగింది.
గుమ్మంలో మార్యుత్ కూడా ఊపిరి బిగబట్టింది.
సీరీ తొడుగు చేత్తో ఒక్కటి చరిచింది.
వెళ్లి కూర్చుంది.

ఇక బెల్టు. పాతది వదులు, కొత్తది ఓ పట్టాన ఎక్కదు.
టెన్షనర్‌ని వెనక్కి లాగి పట్టడానికి
నా ఎడమ భుజం పనికొచ్చింది.
ఆ సంగతి ఎవరూ మెచ్చుకోలేదు, నేనే రాసుకుంటున్నాను.

రాత్రి తొమ్మిదింటికి రెడ్ రివర్ రోడ్డు మీదికి వచ్చాం.
స్టీరింగు దగ్గర సీరీ, పక్కన లైసెన్సున్న నేను.
ముందు మంచు తోసే బండి,
నారింజ దీపం తిప్పుకుంటూ, గంటకి ముప్ఫై కిలోమీటర్లు.
దాటడానికి దారి లేదు.
బానెట్ కింద సన్నగా ఈల వేసుకుంటూ
చిన్నది మాత్రం తిరుగుతూనే ఉంది.
సీరీ హారన్ కొట్టలేదు.
కాసేపటికి, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా,
"టార్చి ఆర్పెయ్ నాన్నా" అంది.
చూసుకున్నాను.
ఇంకా నా ఒళ్లో వెలుగుతోంది.