మూడో గాడి

క్లైపెడా రేవులో నేను క్రేను నడుపుతాను.
నలభై టన్నుల ఇనుప పెట్టెను
గాలి ఈడ్చి కొడుతున్నా సరే
పిట్టగుడ్డు దించినట్టు ఓడలోకి దించుతాను.
అలాంటిదాన్ని,
జానెడు చెక్కకి అరంగుళం బెజ్జం పెట్టలేక
రాత్రి పదకొండింటికి వంటింట్లో
ఏడుపుమొహంతో కూర్చున్నాను.

కింది అంతస్తు యెరోనిమాస్ గారి కోసం ఇదంతా.
ముప్పయ్యేళ్లు ఓడల ముక్కుల మీద పేర్లు రాసిన మనిషి.
తాళ్ల ఊయలలో వేలాడుతూ
తల పైకెత్తి రాసి రాసి
ఇప్పుడు ఆ మెడ కిందికి వంగనంటోంది.
ఒక చేత్తో కాగితం మొహానికెదురుగా ఎత్తిపట్టి
ఇంకో చేత్తో కుంచె.
నీలం మోచేతి దాకా కారుతుంది.
చెత్తబుట్ట దించడానికి వెళ్తూ తలుపు సందులోంచి చూశాను.
చూసి, చూడనట్టు పోవడం చేతకాలేదు.

కలప కొనలేదు.
ఓడల్లో సరుకు కదలకుండా కుక్కే పలకల్ని
రేవులో గుట్టలుగా పారేస్తారు.
"తీసుకుపో, పొయ్యిలోకేగా" అన్నాడు మేస్త్రీ బ్రోన్యుస్.
అవునననూ లేదు, కాదననూ లేదు.
ఒకటి పైన్, వాసనే చెప్పింది.
ఇంకోటి ఎర్రగా, బరువుగా, పేరు తెలీదు,
కోస్తే మిరియాల ఘాటు.
ఏ అడవిదో, ఎన్ని సముద్రాల ఉప్పు తాగిందో.

చిత్రిక అరువు తెచ్చాను.
మొదటి తోపుకి మొరాయించింది.
రెండో తోపుకి చెక్కని కొరికింది.
ఎన్నో తోపుకో
ఉల్లిపొరలాంటి చుట్ట ఒకటి లేచి
మణికట్టు మీద వాలింది.
ఆ ఒక్క పొర కోసం
అంతకుముందువన్నీ నాకు నేనే మాఫీ చేసుకున్నాను.

వెనక కాలు పొట్టిదైంది.
ముందువి కోశాను.
అవి పొట్టివయ్యాయి.
వెనకది కోశాను.
మూడో రోజుకి అదొక పీట.
మా పిల్లి ఎక్కి కూర్చుని
పని బాగుందన్నట్టు కళ్లు మూసుకుంది.

మళ్లీ మొదటినుంచి.
మూలమట్టం, పెన్సిలు, బిగబట్టిన ఊపిరి.
క్రేను కింద ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు,
చెయ్యెత్తి 'ఆపు' అని సైగ చేస్తాడు.
వంటింట్లో ఆ చెయ్యి లేదు.
గీత దాటాక గానీ
దాటినట్టు రంపం చెప్పదు.

ఆసరా కర్ర నిలవడానికి
అడుగుపట్టీలో ఐదు గాడులు తవ్వాను.
రెండు ఇత్తడి బందులు.
మరమేకు ఒకటి తల చితికి సగంలో ఆగిపోయింది,
అలాగే ఉండనిచ్చాను.
అవిసెనూనె రాస్తే ఎర్రచెక్క తడిసిన ఇటుకలా మెరిసింది,
పాత మేకుల మచ్చలు
దాచాలనుకున్నకొద్దీ నల్లబడ్డాయి.

ఆదివారం పట్టుకెళ్లాను.
ముందు ముట్టుకోలేదాయన.
రేవులోకి కొత్తగా వచ్చిన ఓడని చూసినట్టు
చుట్టూ తిరిగి చూశాడు.
"ఎడమకి ఒరిగింది."
వెంట్రుకవాసి. నాకూ తెలుసు.
అట్టముక్క మడిచి కాలి కింద పెట్టబోతే
చేత్తో ఆపాడు.
"సరుకెక్కిన ఓడ ఏదీ అంత నిటారుగా నిలబడదు, వితాలియా."
కాగితం ఆనించాడు.
ఒకటో గాడి, కాదు. రెండు, కాదు. మూడు.
మెడ వంచలేదు.
లంగరు తాడు సడలినట్టు
భుజాలు మాత్రం దిగాయి.

మిగతా గాడులతో ఆయనకి పని పడలేదు.
ఒకదాంట్లో కళ్లజోడు కాడ,
ఒకదాంట్లో కుంచె,
చివరిదాంట్లో పెన్సిలు చెక్కుళ్లు.
నాలుగోది ఎందుకో ఖాళీ.

మొన్న వెళ్తే, చట్రం వెనక్కి తిప్పి చూపించాడు.
ఓడ వెనకభాగం మీద రాసినట్టే
తెల్లరంగుతో, గోరంత అక్షరాల్లో
'క్లైపెడా' అని ఉంది.
దాని పైన చోటు వదిలేశాడు.
"పేరేది?" అన్నాను.
"రేవు పేరు నాకు తెలుసు, రాశాను.
ఓడ పేరు కట్టినవాళ్లు చెప్పాలి."

మూడు వారాలైంది.
నిచ్చెన నూట ఎనభై మెట్లు
ఎక్కుతూ ఆలోచిస్తాను.
దిగుతూ ఆలోచిస్తాను.